ఆ ఆలస్యం ఎవరిది?

క్రిస్మస్‌కు ఎనిమిది పాటలతో ఒక ఆల్బమ్ తేవాలని మా సంఘ యవ్వనస్థులు రెండేళ్ల పాటు అడిగారు. చివరకు పెద్దలు ఒప్పుకొన్నారు. స్త్రీల సమాజం వారు పిడికెడు బియ్యం డబ్బులోంచి కొంత ఇచ్చారు. మిగిలింది చందా వేసుకొని, ఒక శుక్రవారం తెల్లవారుజామున మేము ఏడుగురం గుంటూరు జిల్లా నుండి హైదరాబాదు చేరాము. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర ఆటోలు మాట్లాడుకొని ఫిల్మ్‌నగర్‌కు వెళ్ళాము.

మాలో అందరికంటే పెద్దవాడు డోలక్ బాబాయి. వయసు అరవై దాటింది. తాపీ పని చేసిన చేతులు. మా మందిరంలో కీబోర్డు రాకముందు నుండీ, అంటే హార్మోనియం కాలం నుండీ, డోలక్ ఆయనదే. యవ్వనస్థులు ఆయనను తీసుకు రావడానికి కొంచెం వెనకాడారు. "అక్కడ అంతా కంప్యూటర్‌లోనే వేస్తారు బాబాయీ, నీకెందుకు శ్రమ" అని ఒకరు అన్నారు కూడా. ఆయన ఏమీ అనలేదు. బస్సు దగ్గరకు డోలక్‌కు పాత దుప్పటి చుట్టుకొని వచ్చేశాడు.

ఫిల్మ్‌నగర్ అనగానే మన ఊళ్ళల్లో ఏవేవో ఊహించుకుంటారు. పెద్ద గేట్లు, పెద్ద కార్లు ఉన్నమాట నిజమే. రామానాయుడు స్టూడియో అక్కడే ఉంది. కానీ పాటలు తయారయ్యే చోట్లు చాలావరకు సందుల్లో, అపార్టుమెంటుల పై అంతస్తుల్లో ఉంటాయి. బయట బోర్డు కూడా ఉండదు. సినిమా పాటకు పగలు వాయించిన చేతులే రాత్రికి మన క్రైస్తవ గీతాలకు వాయించడం అక్కడ మామూలు. మేము వెళ్ళిన గదిలో వాద్యబృందం లేదు, వయొలిన్‌లు లేవు. ఒక బల్ల, ఒక కంప్యూటర్, రెండు స్పీకర్లు, గోడలకు స్పాంజి అంటించిన చిన్న గది ఒకటి. మా పిల్లల ముఖాలు కొంచెం చిన్నబోయాయి.

మొదటి పాట ఆరు-ఎనిమిది నడకలో ఉంది. మన కీబోర్డు తమ్ముళ్ళు 'సిక్స్ ఎయిట్' అంటారే, అదే. ఒక్కొక్క దెబ్బకు మూడు చిన్న దెబ్బలు. కోతల్లోను, జాతరల్లోను, క్రిస్మస్ ఊరేగింపులోను మన కాళ్ళకు బాగా తెలిసిన నడక. 2023లో ఆస్కార్ బహుమానం పొందిన కీరవాణి గారి 'నాటు నాటు' నడక కూడా ఇదే. బాబాయిని ఆ చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించి, "టిక్ టిక్ అని వినబడుతుంది, దాని మీద వాయించండి" అన్నారు. దానిని క్లిక్ అంటారు. గడియారం వంటిది, దారి తప్పదు.

ఆయన వాయించాడు. మాకు బాగానే ఉన్నట్టు తోచింది. కానీ కంప్యూటర్ తెర మీద నిలువు గీతలు ఉన్నాయి, ఒక్కొక్క గీత ఒక్కొక్క దెబ్బ పడవలసిన చోటు. బాబాయి దెబ్బలు వరి దుబ్బుల్లాగా తెర మీద లేచాయి, కానీ ఒక్కటీ గీత మీద లేదు. అన్నీ గీత దాటి అవతల పడ్డాయి. మరలా వాయించమన్నారు. మరలా అంతే. మూడోసారీ అంతే. కంప్యూటర్ దగ్గరున్న కుర్రవాడు, "పెద్దాయన లాగుతున్నాడు. మన దగ్గర డోలక్ లూపులు ఉన్నాయి, అవి వేసేద్దాం" అన్నాడు. గొంతు తగ్గించే అన్నాడు గానీ హెడ్‌ఫోన్‌లో బాబాయికి వినబడింది. ఆయన హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టి, భుజం మీది తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. మేము తల దించుకున్నాము. ఆయనను బస్సెక్కించి తెచ్చింది మేమే గదా.

ఇక్కడ కొంచెం ఆగి, ఆ గీతల సంగతి, ఎంత ఆలస్యాన్ని ఆలస్యం అంటారో ఆ సంగతి చెప్పాలి.

సెకనును వెయ్యి ముక్కలు చేస్తే ఒక ముక్క మిల్లీసెకను. ఆ కాలంలో శబ్దం గాలిలో జానెడున్నర దూరం, అంటే సుమారు 34 సెంటీమీటర్లు, ప్రయాణం చేస్తుంది. మేము పాడిన పాటలో నిమిషానికి నూరు దెబ్బలు. కాబట్టి దెబ్బకూ దెబ్బకూ మధ్య 600 మిల్లీసెకన్లు, అందులో మూడు చిన్న దెబ్బలు గనుక ఒక్కొక్కదానికి 200. అంత చిన్న వ్యవధిలో తేడా మనిషికి తెలుస్తుందా అని మీరు అడగవచ్చు. తెలుస్తుంది. స్వీడన్ పరిశోధకులు ఆండర్స్ ఫ్రీబర్గ్, యోహాన్ సండ్‌బర్గ్ 1995లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, సమానంగా వేగంగా పడే దెబ్బల్లో ఒకటి సుమారు 6 మిల్లీసెకన్లు పక్కకు జరిగితే చాలు, చెవి పసిగడుతుంది. నెమ్మదైన దెబ్బల్లో వ్యవధిలో నూటికి రెండున్నర వంతు జరిగితే పసిగడుతుంది. ఇది చదువుకున్న సంగీత విద్వాంసుల గొప్ప అని అనుకోనక్కరలేదు. ఒకే రోటిలో ఇద్దరు ఆడవాళ్ళు రోకళ్ళతో దంచుతుంటే చూసిన వారికి సంగతి తెలుసు. ఒక రోకలి లేచే జాగాలోనే రెండోది దిగుతుంది. ఎవరూ లెక్కపెట్టరు. ఒక పిసరు అటూ ఇటూ అయితే చేతికి ముందు తెలుస్తుంది, మనసుకు తరువాత.

శాస్త్రీయ సంగీతంలో తాళానికి ముందు ఎత్తుకోవడం, తరువాత ఎత్తుకోవడం ఉన్నాయి. అతీతం, అనాగతం అంటారు. అవి లెక్కకు అందే దూరాలు, పుస్తకంలో రాయవచ్చు. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో కీర్తన మీద రాగం పేరు, తాళం పేరు అచ్చు వేస్తారు. ఆది తాళమని వేస్తారు గాని, మా బాబాయి మూడో దెబ్బ ఎంత ఆగి వేస్తాడో వేయరు. మేము చెబుతున్నది ఆ రాయని సంగతి.

ఈ రాయని సంగతిని యంత్రం పట్టుకోవడానికి ప్రయత్నించిన కథ కూడా ఒకటుంది. తెలుగు సినిమా హైదరాబాదుకు వచ్చిన రోజుల్లో, అంటే 1970ల మధ్యలో అక్కినేని నాగేశ్వరరావు గారు అన్నపూర్ణ స్టూడియో కట్టిన తరువాత కూడా, పాటల రికార్డింగులు చాలాకాలం మద్రాసులోనే జరిగాయి. ఒక పెద్ద హాలులో పదులకొద్దీ వాద్యకారులు కూర్చొని కలిసి వాయించేవారు. ఒకరు తప్పితే అందరూ మొదటి నుండి వాయించవలసిందే. ఆ పాటల్లో తబలా ఒక పిసరు ముందు, వయొలిన్‌లు ఒక పిసరు వెనక ఉంటే, అది అందరూ ఒకరినొకరు వింటూ సర్దుకొన్న పిసరు.

1980లో అమెరికాలో రోజర్ లిన్ అనే ఆయన ఎల్.ఎం.-1 అనే డ్రమ్ యంత్రం తెచ్చాడు. అందులో నిజమైన డ్రమ్ శబ్దాలను నిలువ చేశాడు. మనిషి మీటలు నొక్కుతుంటే, తప్పిన ప్రతి దెబ్బనూ యంత్రం దగ్గరలోని గీత మీదికి జరిపేది. దానినే ఇప్పుడు క్వాంటైజ్ అంటారు. ఆశ్చర్యం ఏమిటంటే, దెబ్బలను గీత మీదికి జరిపే సాధనం చేసిన ఆ మనిషే, గీత మీది నుండి జరిపే సాధనం కూడా అందులోనే పెట్టాడు. స్వింగ్ అని దాని పేరు. జంటగా వచ్చే రెండు చిన్న దెబ్బలు సరిసమానంగా ఉంటే అది 50 పాలు. రెండోదాన్ని వెనక్కి నెట్టుకుంటూ పోతే 66 దగ్గర అది మూడింట రెండు వంతుల నడక అవుతుంది. నిమిషానికి నూరు దెబ్బల పాటలో 54 పెడితే రెండో చిన్న దెబ్బ 12 మిల్లీసెకన్లు మాత్రమే వెనకబడుతుంది. అంతే తేడా. కానీ కవాతు నడక పోయి, తల ఊగే నడక వస్తుంది.

1983లో మిడి వచ్చింది. ఒక కంపెనీ కీబోర్డు మరో కంపెనీ యంత్రంతో తీగ ద్వారా మాట్లాడే భాష అది. మద్రాసులో కీబోర్డు ప్రోగ్రామింగ్ తెలిసిన యువకులకు గిరాకీ వచ్చింది. రాజ్-కోటి గార్ల దగ్గర కీబోర్డు వాయించిన కుర్రవాడు తరువాత ఎ.ఆర్. రెహమాన్ అయ్యాడు. మణిశర్మ గారు కూడా కీబోర్డు మీది నుండి వచ్చినవారే. ఒక చిన్న సంగతి చెప్పకుండా ఉండలేము: ఆ మిడి తీగలో ఒక స్వరం వెళ్ళడానికి దాదాపు ఒక మిల్లీసెకను పడుతుంది, అదీ ఒకదాని వెనక ఒకటి. పది వేళ్ళతో పది స్వరాలు ఒకేసారి నొక్కితే, పదోది చేరేసరికి సుమారు పది మిల్లీసెకన్లు గడుస్తాయి. ఖచ్చితత్వానికి పేరుపడిన యంత్రం లోపల కూడా క్యూ ఉన్నదన్నమాట.

అమెరికాలో డెట్రాయిట్ పట్టణానికి చెందిన జేమ్స్ యాన్సీ, అందరూ జె డిల్లా అంటారు, ఇటువంటి యంత్రం మీదనే పనిచేశాడు. 2006లో 32 ఏళ్ళకే చనిపోయాడు. ఒక దెబ్బను గీత మీద ఉంచి, ఇంకొకదాన్ని ముందుకు, వేరొకదాన్ని వెనక్కి జరిపి, తూలుతున్నట్టుండి పడిపోని ఒక నడక తెచ్చాడు. ఆయన వాడిన యంత్రం వాషింగ్టన్‌లో నల్లజాతివారి చరిత్ర మ్యూజియంలో ఉంది. ఇప్పుడు డ్రమ్ముల మీద చేతులతో వాయించే కుర్రవాళ్ళు ఆ యంత్రపు నడకను నేర్చుకుంటున్నారు!

అయితే తప్పి వాయించడమే జీవం, సరిగా వాయించడం చావు అని చెప్పేవారు ఉన్నారు. అది మాకు అంత సులువుగా మింగుడు పడదు. 1987లో చార్లెస్ కీల్ అనే ఆయన, వాద్యకారుల మధ్యనుండే చిన్న చిన్న తేడాలలోనే సంగీతపు బలం ఉన్నదని రాశాడు. మంచి మాట, చాలామంది పట్టుకున్నారు. కానీ 2013లో జర్మనీ పరిశోధకులు ఒక మామూలు డ్రమ్ నడకను రకరకాలుగా జరిపి వినిపిస్తే, శ్రోతలు ఎక్కువ మార్కులు వేసింది గీత మీద సరిగ్గా పడినదానికే. దానికి రెండేళ్ళ ముందు, 2011లో, గోటింగెన్‌కు చెందిన హోల్గర్ హెన్నిగ్ బృందం ఇంకొక సంగతి చూపించింది. మనిషి చేసే తప్పులు చెల్లాచెదురుగా ఉండవు. ఇప్పటి చిన్న తేడాకు ఎంతో ముందు పడిన తేడాలతో సంబంధం ఉంటుంది. అటువంటి తేడాలు కలిపిన పాటను, ఊరికే అడ్డదిడ్డంగా తేడాలు కలిపిన పాటకంటే శ్రోతలు మెచ్చుకున్నారు. 2022లో అదే పట్టణం నుండి వచ్చిన పరిశోధన మరింత స్పష్టం. జాజ్ సంగీతంలో ప్రధాన వాద్యకారుడు ప్రధాన దెబ్బలకు మాత్రం సుమారు 30 మిల్లీసెకన్లు ఆగి, మధ్య దెబ్బలు తోటివారితో కలిపి వాయిస్తే, వినే విద్వాంసులకు ఊపు స్పష్టంగా తెలిసింది. ఎందుకు తెలిసిందో చెప్పమంటే మాత్రం చాలామందికి నోట రాలేదట.

కాబట్టి ఆలస్యం ఎంత అన్నది ఒక్కటే ప్రశ్న కాదు. ఏ దెబ్బకు, ఎవరితో పోలిస్తే, మరలా మరలా అదే చోట వస్తున్నదా అన్నవి కూడా అడగాలి. ఫిల్మ్‌నగర్ గదిలో మమ్మల్ని గట్టెక్కించింది ఈ ప్రశ్నలే. ఇప్పుడు అక్కడికి తిరిగి వెళదాము.

టీ తాగి పైకి వచ్చిన ప్రోగ్రామర్ గారు తెర వైపు కాసేపు చూశారు. నలభై ఏళ్ళ మనిషి, మాట తక్కువ. "మొదటి దెబ్బలన్నీ ఒకే కొలత వెనక ఉన్నాయి. మనిషి లాగితే ఇట్లా లాగడు. ఒకచోట పది, ఒకచోట నలభై ఉంటుంది" అన్నారు. లోపలికి వెళ్ళి, బాబాయి తీసి పెట్టిన హెడ్‌ఫోన్‌ను మైకు ముందు ఆనించి పెట్టారు. క్లిక్ శబ్దాన్నే రికార్డు చేశారు. డోలక్ లేదు, మనిషి లేడు, టిక్ టిక్ ఒక్కటే. తెర మీద చూస్తే ఆ టిక్ కూడా గీత దాటి 28 మిల్లీసెకన్లు వెనక పడింది!

సంగతి ఏమిటంటే, కంప్యూటర్ శబ్దాన్ని బొట్టు బొట్టుగా తీసుకోదు. సెకనుకు 44,100 నమూనాల చొప్పున కొలిచి, కొన్ని వందల నమూనాలు పోగయ్యాక బుట్టతో ఎత్తినట్టు ఎత్తుతుంది. 512 నమూనాల బుట్ట అయితే అది నిండడానికి దాదాపు 12 మిల్లీసెకన్లు. శబ్దం బయటికి పంపేటప్పుడు ఒక బుట్ట, లోపలికి తీసుకునేటప్పుడు ఇంకొకటి. ఇంత ఆలస్యం తానే చేశానని కంప్యూటర్ లెక్క వేసుకొని, రికార్డయినదాన్ని అంత ముందుకు జరుపుకోవాలి. ఆ లెక్క ఆ రోజు తప్పుగా పెట్టి ఉంది. యంత్రం చేసిన ఆలస్యాన్ని మేమందరం కలిసి ఒక పెద్దాయన నెత్తిన వేశాము.

కుర్రవాడు లేచి, "సారీ పెద్దాయనా" అన్నాడు. బాబాయి, "నువ్వేం చేస్తావయ్యా, గీతలు అట్లా చెప్పాయి" అని డోలక్ దగ్గరకు జరుపుకున్నాడు.

లెక్క సరిచేశాక ఆయన మరలా వాయించాడు. ఈసారి ప్రతి మూడింటిలో మొదటి దెబ్బ గీత మీదో, నాలుగైదు మిల్లీసెకన్ల అటూ ఇటూనో పడింది. రెండోదీ అంతే. మూడోది మాత్రం ప్రతిసారీ 18 నుండి 25 వెనక. పాట మొదటి నుండి చివరి వరకు అలాగే. ఇది యంత్రం చేసినది కాదు, అలసటా కాదు. ఇది ఆయన నడక.

అయినా చూద్దామని ఆ మూడో దెబ్బలను కూడా గీత మీదికి జరిపి వినిపించారు. నిజం చెప్పాలంటే మాలో ముగ్గురికి అదే బాగుంది. శుభ్రంగా, సినిమా పాటలా ఉందన్నారు. బాబాయి కూడా నవ్వి, "బాగానే ఉంది, కానీ నేను కాదు" అన్నాడు. తరువాత కుర్రవాడు హ్యూమనైజ్ అనే మీట నొక్కాడు. అది దెబ్బలను ఇష్టం వచ్చినట్టు కొంచెం కొంచెం చెదరగొడుతుంది, మనిషి వాయించినట్టు ఉండాలని. సంక్రాంతి రాత్రి ఇంటిదారి పట్టిన తాగుబోతు గుర్తుకు వచ్చాడు మాకు. ఒక్కరికీ నచ్చలేదు.

తేల్చింది పాడేవాళ్ళు. సరిచేసిన తాళం మీద మా ఆడపిల్లలు పల్లవి పాడితే, ప్రతి పాదం చివరి మాట ఇరుకైపోయింది. ఇన్నేళ్ళుగా వాళ్ళు ఆ మూడో దెబ్బ ఆగిన జాగాలో ఊపిరి తీసుకుంటున్నారు. తెర మీద తప్పులా కనిపించిన ఆ 20 మిల్లీసెకన్లలో వాళ్ళ మాట కుదురుకుంటున్నదని అప్పటివరకు వాళ్ళకూ తెలియదు, మాకూ తెలియదు. ఆ పాటలోను, మరి రెండు పాత పాటల్లోను బాబాయి వాయించినది వాయించినట్టే ఉంచాము. వేగంగా ఉన్న రెండు కొత్త పాటలకు మాత్రం యంత్రపు తాళమే వేశాము. వాటికి అదే తగింది. మిగిలిన మూడింటిలో రెండూ కలిపాము.

కుర్రవాడు చెప్పిన లూపుల పెట్టెను కూడా ఆ సాయంత్రం విన్నాము. డోలక్, దప్పు, తీన్‌మార్ నడకలు ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. ఒకనాడు ఎవరో దప్పు కళాకారుడు తోలు కాచుకొని, సిర్ర, చిటికెన పుల్ల పట్టి ఒక పూట వాయించి, కూలి తీసుకొని వెళ్ళివుంటాడు. ఆ పూట ఆయన చేతి ఆలస్యం ఇప్పటికీ ఎన్ని పాటల్లో మోగుతుందో. ఆయన పేరు పెట్టె మీద లేదు. లూపులు వాడవద్దని మేము అనము, మేమూ వాడాము. కానీ ఆ పేరు లేకపోవడం మాకు నచ్చలేదు.

ఊరికి వచ్చాక మా మందిరంలో ఒక పాత తగాదాను కొత్త కళ్ళతో చూశాము. వెనక వరుసల స్త్రీలు పాట లాగుతారని కీబోర్డు తమ్ముడి ఫిర్యాదు. కీబోర్డు పరుగెడుతుందని స్త్రీల ఫిర్యాదు. టేపు పెట్టి కొలిస్తే ముందున్న స్పీకరు నుండి చివరి వరుస ఇరవై మీటర్లు. శబ్దం అక్కడికి చేరడానికే దాదాపు 60 మిల్లీసెకన్లు. వాళ్ళు విన్న వెంటనే పాడినా, ఆ పాట తిరిగి కీబోర్డు దగ్గరకు రావడానికి మరో 60. అంటే ఎవరూ తప్పు చేయకుండానే ఆ తమ్ముడి చెవికి 120 మిల్లీసెకన్ల ఆలస్యం. హార్మోనియం రోజుల్లో అయితే వాయించేవారు విని సర్దుకునేవారు. కీబోర్డులో దాదరా, కెహర్వా అని మీట నొక్కితే మోగే రెడీమేడ్ తాళం ఎవరినీ వినదు. యవ్వనస్థులు బ్లూటూత్ స్పీకరుతో సాధన చేస్తే ఇంకా చిక్కు. అందులో ఆలస్యం నూరు మిల్లీసెకన్లు దాటడం మామూలే. తీగ ఉన్న స్పీకరు వాడటం మేలు.

వెనక వరుస దగ్గర తీగతో ఒక చిన్న స్పీకరు పెట్టించాము, ముందు స్పీకరు శబ్దం తగ్గించాము. డోలక్ పీటను కీబోర్డు పక్కకు జరిపాము. రెడీమేడ్ తాళం వేసినా, బాబాయి చేతి వైపు చూసి ఎప్పుడు ఆపాలో కీబోర్డు తమ్ముడు నేర్చుకుంటున్నాడు. చివరి వరుసలోని అవ్వలు ఇప్పటికీ ఒక పిసరు వెనకే పాడుతున్నారు. కొలిచి చూద్దామని ఒక కుర్రవాడు ఫోను తీశాడు గాని, వద్దన్నాము.